ఆంటిగ్వా గ్వాటెమాలా: ఊరు, అగ్నిపర్వతాలు, సరస్సు, బస – సమగ్ర మార్గదర్శి

మధ్య అమెరికాలో స్పానిష్ పాలన నాటి ఊళ్లలో ఒక్కటే చూసే వీలుంటే, గ్వాటెమాలాలోని ఆంటిగ్వాకే వెళ్లమంటాను. ఇప్పటి మెక్సికోలోని చియాపాస్ నుంచి కోస్టారికా వరకు ఉన్న ప్రాంతమంతటికీ ఇది రెండు శతాబ్దాలకు పైగా రాజధాని. 1543లో ఈ లోయలో వెలిసింది. 1773 జూలై 29న వచ్చిన భూకంపాలు ఊరిని నేలమట్టం చేశాయి. 1776లో రాజధానిని ఇప్పటి గ్వాటెమాలా సిటీ ఉన్న చోటికి మార్చి, జనాన్నీ తరలిపొమ్మన్నారు. చాలామంది వెళ్లారు, కొందరు కదల్లేదు. ఉండిపోయినవాళ్ల దగ్గర పడిపోయిన చర్చిలను మళ్లీ కట్టేంత డబ్బు లేదు, వాటిని తీసేసి కొత్తవి కట్టాల్సిన అవసరమూ రాలేదు. అందుకే 18వ శతాబ్దపు ఊరు పగుళ్లతో సహా మనకు మిగిలింది. 1979లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ప్రణాళిక వేసే ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. ఇక్కడ ఏది చూడాలన్నా పొద్దున్నే చూడాలి. ఏడాదిలో చాలా రోజులు తెల్లవారుజామున కొండలు స్పష్టంగా కనిపిస్తాయి. పొద్దెక్కేకొద్దీ మబ్బు పడుతుంది, సరస్సు మీద మధ్యాహ్నానికి గాలి లేస్తుంది, వానాకాలమైతే మూడు నాలుగు గంటలకల్లా వాన దిగుతుంది. కాబట్టి ఎన్ని రోజులున్నాయని కాకుండా ఎన్ని ఉదయాలున్నాయని లెక్కేసుకోండి. ఒక్కో ఉదయానికి ఒక్క పని చాలు.

1. నెల ఎంచుకోవడం

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు ఉండవు. మే నుంచి అక్టోబరు దాకా వానాకాలం. అయితే అది రోజంతా ముసురు పట్టే వాన కాదు, ఎక్కువగా మధ్యాహ్నం తర్వాత కురిసి పోతుంది. జూలై, ఆగస్టుల్లో కొన్ని వారాలు తెరిపి కూడా ఇస్తుంది. వానాకాలంలో కొండలు పచ్చగా ఉంటాయి, గదులు చవగ్గా దొరుకుతాయి. ఊరు సముద్రమట్టానికి సుమారు 1,530 మీటర్ల ఎత్తున ఉంది కనుక డిసెంబరు, జనవరి రాత్రుల్లో స్వెటర్ లేకుండా ఉండలేరు.

ఈస్టర్‌కు ముందు వారాన్ని ఇక్కడ సెమానా సాంతా అంటారు. ఊదారంగు అంగీలు తొడుక్కున్న భక్తులు (కుకురూచోలు అంటారు) పదుల సంఖ్యలో భుజం కలిపి, క్రీస్తు విగ్రహం ఉన్న బరువైన చెక్క పల్లకీని గంటల తరబడి వీధుల్లో మోస్తారు. ఆ ఊరేగింపు వచ్చే దారిలో ఇంటింటివాళ్లూ రాత్రంతా కూర్చుని రంగు రంపపు పొట్టుతో, పువ్వులతో, పైన్ ఆకులతో తివాచీలు పరుస్తారు. సంక్రాంతి ముగ్గులు వేసే చేతులకు ఆ ఓపిక, ఆ కొలతలు, ఆ పోటీ చెప్పకుండానే అర్థమవుతాయి. ఊరేగింపు వచ్చి వాటి మీదుగానే నడిచి వెళుతుంది, వెనకాలే ఊడ్చేస్తారు. గ్వాటెమాలా సెమానా సాంతాను 2022లో యునెస్కో అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ వారానికి గదులు నెలల ముందే అయిపోతాయి, ధరలు ఎన్నో రెట్లు పెరుగుతాయి. నా సలహా ఏమిటంటే, అంతకు ముందుండే లెంట్ (ఉపవాస కాలం) ఆదివారాల్లో రండి. ఊరేగింపులూ తివాచీలూ అప్పుడూ ఉంటాయి, తోపులాట మాత్రం ఉండదు.

నవంబరు 1న రాగలిగితే సుంపాంగో లేదా సాంతియాగో సకతెపెకెస్ వెళ్లండి. చచ్చిపోయిన పెద్దలను తలచుకునే ఆ రోజున వెదురు చట్రాలకు పలచటి రంగు కాగితాలు అతికించి బ్రహ్మాండమైన గాలిపటాలు నిలబెడతారు. మరీ పెద్దవి ఎగరవు, నిలబెట్టి చూపించడానికే. చిన్నవాటిని ఎగరేస్తారు.

2. వీసా, విమానం, ఊరికి దారి

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు టికెట్ కొనకముందే ఢిల్లీలోని గ్వాటెమాలా ఎంబసీని, అమెరికాలో ఉంటే అక్కడి కాన్సులేట్‌ను అడిగి తమ పరిస్థితికి ఏ నిబంధన వర్తిస్తుందో ఈమెయిల్‌లో తెప్పించుకోవాలి. ఆ ఈమెయిల్ ప్రింటు చేతిలో ఉంటే విమానాశ్రయంలో చెక్-ఇన్ దగ్గర వాదన తప్పుతుంది.

అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్న మనవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. వీసా స్టాంపు గడువు తీరినా 30 రోజుల్లోపు కెనడా, మెక్సికో వెళ్లి రావడానికి ఒక వెసులుబాటు ఉంది. అది గ్వాటెమాలాకు వర్తించదు. పాస్‌పోర్టులో గడువున్న స్టాంపు లేకుండా ఇక్కడికి వస్తే తిరిగి వెళ్లడం కష్టమవుతుంది. ఐ-797 ఆమోద పత్రం ఒక్కటే సరిపోదు.

హ్యూస్టన్, డల్లాస్, అట్లాంటా, మయామీ, లాస్ ఏంజెలెస్‌ల నుంచి గ్వాటెమాలా సిటీలోని లా అరోరా విమానాశ్రయానికి నేరుగా విమానాలున్నాయి. హ్యూస్టన్ నుంచి సుమారు మూడు గంటలు. ఇండియా నుంచి నేరుగా లేదు, అమెరికా లేదా యూరప్ మీదుగా రావాలి. ఏ దేశంలో విమానం మారితే ఆ దేశపు ట్రాన్సిట్ వీసా సంగతి కూడా చూసుకోండి.

విమానాశ్రయం నుంచి ఆంటిగ్వా 40 కిలోమీటర్లే. ట్రాఫిక్ లేకపోతే గంట, సాయంత్రమైతే రెండు గంటలు. షటిల్ వ్యాన్లు, ఊబర్, హోటల్ పంపే కారు – మూడూ ఉన్నాయి. పగటిపూట దిగే విమానం దొరికితే అదే తీసుకోండి. అర్ధరాత్రి దిగేట్టయితే కారు ముందే మాట్లాడుకోండి, లేదా విమానాశ్రయం దగ్గరే పడుకుని పొద్దున బయల్దేరండి.

3. బస

ఆంటిగ్వా ఇళ్లను బయటి నుంచి చూసి అంచనా వేయకూడదు. వీధి వైపు రంగు గోడ, ఒక చెక్క తలుపు, అంతే. లోపల మధ్యలో మండువా, దాంట్లో ఫౌంటెన్, బోగన్‌విల్లియా, చుట్టూ గదులు. పాత ఊరి రూపం చెడకుండా 1969లోనే ప్రత్యేక చట్టం తెచ్చారు. ఎత్తైన మేడలు, మెరిసే బోర్డులు కనిపించకపోవడానికి కారణం అదే. గది ఎంచుకునేటప్పుడు ముందుగా అడగాల్సింది అది వీధి వైపు ఉందా, మండువా వైపు ఉందా అని. వీధి వైపు గదికి రాళ్లు పరిచిన దారి మీద బండ్ల చప్పుడు తెల్లవారుజాము నుంచే మొదలవుతుంది. మండువా వైపు గదికి కొన్నిసార్లు కిటికీయే ఉండదు, తలుపు ఒక్కటే. ఏది ఓర్చుకోగలరో మీరే తేల్చుకోండి.

ఏ పేటలో ఉండాలంటే:

ఊరి నడిబొడ్డున ఉన్న పార్కు పార్కే సెంత్రాల్, సాంటా కతలినా ఆర్చ్ చుట్టుపక్కల అన్నీ నడక దూరంలో ఉంటాయి. వారాంతాల్లో రాజధాని నుంచి వచ్చే జనంతో రాత్రి పొద్దుపోయేదాకా సందడే. లా మెర్సెద్ చర్చికి ఉత్తరాన, తూర్పున కపుచినాస్ మఠం వైపు నాలుగైదు వీధులు జరిగితే నిశ్శబ్దం దొరుకుతుంది, పది నిమిషాలు నడిస్తే మళ్లీ నడిబొడ్డుకు చేరతారు. మొదటిసారి వచ్చేవాళ్లకు, పిల్లలతో వచ్చేవాళ్లకు ఇదే నా ఎంపిక. పడమర వైపు అలమెదా సాంటా లుసియా దాటాక సంత, బస్ స్టాండు ఉన్నాయి. అక్కడ చవక, రద్దీ రెండూ ఎక్కువే. ఊరి బయట కొండ వాలు మీదున్న బసలు అందంగా ఉంటాయి, కానీ ప్రతి పనికీ కారు కావాలి. తెల్లవారుజామున నాలుగింటికి వచ్చే షటిల్ అంతదూరం రాకపోవచ్చు. వారం అక్కడే కూర్చుని చదువుకునేవాళ్లకైతే అవి బాగుంటాయి.

డబ్బు కాస్త ఎక్కువ పెట్టగలిగితే కాసా సాంతో దొమింగో ఉంది. కూలిన దొమినికన్ మఠం శిథిలాల మధ్య కట్టిన హోటల్ అది. అక్కడ దిగకపోయినా లోపలి మ్యూజియాలు టికెట్ కొని చూడొచ్చు. ఇంకో రకం బస నాకు చాలా ఇష్టం. ఆంటిగ్వాలో స్పానిష్ నేర్పే బడులు ఎన్నో ఉన్నాయి. వారం రోజుల పాఠాలకు చేరితే ఒక స్థానిక కుటుంబం ఇంట్లో గది, భోజనాలు ఏర్పాటు చేస్తారు. హోటల్ కంటే ఖర్చు తక్కువ, పైగా ఆ ఇంటి సెన్యోరా పొయ్యి దగ్గర నేర్చుకునే స్పానిష్ సంతలో వెంటనే పనికొస్తుంది.

బుక్ చేసేముందు మూడు అడగండి. చెప్పిన ధరలో పన్నులు కలిసి ఉన్నాయా? ఇక్కడ 12 శాతం వ్యాట్, దాని మీద పర్యాటక పన్ను 10 శాతం ఉంటాయి, కొన్నిచోట్ల బిల్లులోనే తెలుస్తాయి. దుప్పట్లు ఎన్ని ఇస్తారు? చాలా గదుల్లో హీటర్ ఉండదు. కొండ ఎక్కే రాత్రికి సామాను దాచి ఉంచుతారా? రాళ్ల వీధుల్లో చక్రాల పెట్టె లాగడం నరకం, కాబట్టి వీలైతే వీపు సంచితో రండి.

4. ఊరి దారులు పట్టుకోవడం

ఊరంతా గళ్ల కాగితంలా ఉంటుంది. కాయేలు తూర్పు పడమరలుగా, అవెనీదాలు ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి. పార్కే సెంత్రాల్ నుంచి తూర్పున ఉంటే ఓరియెంతే, పడమరనుంటే పొనియెంతే, ఉత్తరం నోర్తే, దక్షిణం సుర్. ఆర్చ్ ఉన్నది 5వ అవెనీదా నోర్తే మీద అంటే పార్కుకు ఉత్తరాన అన్నమాట. ఇంకా అనుమానంగా ఉంటే తలెత్తి చూడండి. ముక్కోణంగా, ఒంటరిగా కనిపించే ఆగ్వా అగ్నిపర్వతం ఎప్పుడూ దక్షిణానే. దాని ఎత్తు 3,760 మీటర్లు. పడమటి వైపు జంటగా ఉన్నవి అకతెనాంగో, ఫ్వేగో. పొగ వదిలేది ఫ్వేగో.

మొదటి ఉదయం సెరో దె లా క్రూజ్‌కు ఇవ్వండి. ఊరి ఉత్తరాన చిన్న గుట్ట, నడిబొడ్డు నుంచి అరగంట నడక, చివర్లో మెట్లు. పైన రాతి సిలువ, కింద ఊరంతా, ఎదురుగా ఆగ్వా. ఎనిమిదింటికి మించి ఆలస్యం చేయకండి. చీకటి పడ్డాక అటు వెళ్లకండి.

5. శిథిలాలు: ఏవి, ఏ వరుసలో

అన్నీ చూడాలనుకుంటే మూడోదానికే కళ్లు అలసిపోతాయి. నాలుగు చాలు, అవి కూడా ఒక వరుసలో చూస్తే భూకంపం కథ దానంతట అదే అర్థమవుతుంది.

మొదట లా రెకొలెక్సియోన్. పడమటి అంచున సంత వెనకాల ఉంటుంది, జనం తక్కువ. 1717లో పూర్తయిన చర్చి అది. అదే ఏడాది భూకంపంలో దెబ్బతింది, 1773లో కూలింది. 1976 ఫిబ్రవరి 4న దేశంలో 20 వేలకు పైగా ప్రాణాలు తీసిన భూకంపం మిగిలినదాన్నీ కుదిపింది. గది అంత గది అంత ఇటుక ముద్దలు పడినచోటనే ఉన్నాయి. వాటి మధ్య నిలబడితే 'కూలడం' అంటే ఏమిటో తెలుస్తుంది.

తర్వాత పార్కు పక్కనున్న కథెద్రల్. ముందు నుంచి చూస్తే తెల్లటి చర్చి బాగానే ఉంటుంది. కానీ అది పాత కథెద్రల్ ముఖభాగం మాత్రమే. పక్క వీధి నుంచి టికెట్ కొని లోపలికి వెళ్తే కప్పు లేని అసలు కట్టడం కనిపిస్తుంది. గోపురాలు ఉన్నచోట ఇప్పుడు గుండ్రటి ఆకాశం. ఫొటోలకు పొద్దుటి ఏటవాలు వెలుగు మంచిది.

మూడోది కపుచినాస్ మఠం. 1736 నాటిది, దియేగో దె పొర్రెస్ కట్టాడు. సన్యాసినులుగా చేరడానికి కట్నం అడిగే రోజుల్లో అది అడగని మఠం ఇది. లోపల గుండ్రటి బురుజులో వలయంగా 18 చిన్న గదులు. కింద మధ్యలో ఒక్క లావు స్తంభం మీద నిలిచిన గుండ్రటి నేలమాళిగ. అక్కడ ఒక రాగం తీసి చూడండి, ధ్వని తిరిగి తిరిగి వస్తుంది. దాన్ని దేనికోసం కట్టారో పండితులు ఈనాటికీ తేల్చలేదు.

చివర లా మెర్సెద్. పసుపు గోడల మీద తెల్ల సున్నపు లతలు అల్లుకున్న ఈ చర్చి 1767లో పూర్తయింది, ఆరేళ్లకే వచ్చిన 1773 భూకంపాన్ని తట్టుకుంది. ఎందుకో దాని ఆకారమే చెబుతుంది: గోడలు లావు, ఎత్తు తక్కువ, బురుజులు పొట్టి. వెనక మఠంలో 27 మీటర్ల వెడల్పున్న ఫౌంటెన్ ఉంది. లా రెకొలెక్సియోన్ చూసి వచ్చినవాళ్లకు ఈ పొట్టి బురుజుల అందం ఇంకోలా కనిపిస్తుంది.

సాంటా కతలినా ఆర్చ్ ఎలాగూ దారిలోనే తగులుతుంది. వీధికి అటూ ఇటూ ఉన్న మఠానికి సన్యాసినులు జనం కంటబడకుండా దాటడానికి 17వ శతాబ్దం చివర్లో కట్టిన వంతెన అది. గడియారం తర్వాత పెట్టింది. జనం లేని ఫొటో కావాలంటే ఆరున్నరకే వెళ్లాలి. సాన్ ఫ్రాన్సిస్కో చర్చిలో సాంతో ఎర్మానో పేద్రో సమాధి ఉంది. పేదల కోసం ఆసుపత్రి నడిపిన ఆయనను 2002లో పోప్ రెండో జాన్ పాల్ పునీతుడిగా ప్రకటించారు. అది మొక్కులు తీర్చుకునే చోటు, కెమెరా జేబులో పెట్టుకోండి.

6. అగ్నిపర్వతం: ఏది ఎక్కాలి

పకాయా ఎత్తు 2,552 మీటర్లు. ఊరి నుంచి గంటన్నర ప్రయాణం, స్థానిక గైడ్‌తో రెండు గంటల లోపు ఎక్కుడు. పూట ట్రిప్పే. పదేళ్లు దాటిన పిల్లలు ఎక్కగలరు, అలసిన పెద్దలకు గుర్రాలు దొరుకుతాయి. ఉదయం బ్యాచ్‌లోనే వెళ్లండి.

అకతెనాంగో అలాంటిది కాదు. 3,976 మీటర్లు. లా సొలెదాద్ గ్రామం దగ్గర సుమారు 2,400 మీటర్ల నుంచి మొదలుపెట్టి, నాలుగు నుంచి ఆరు గంటలు ఎక్కి, 3,600 మీటర్ల ప్రాంతంలో గుడారాల్లో రాత్రి ఉంటారు. ఎదురుగా ఫ్వేగో. ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో పావుగంటకో అరగంటకో ఎర్రటి రాళ్లు ఎగజిమ్ముతుంది, కొన్ని క్షణాల తర్వాత ఆ ఉరుము మీ గుండెలకు తగులుతుంది. నా దృష్టిలో మధ్య అమెరికాలో దీన్ని మించిన రాత్రి లేదు. అయితే ఫ్వేగో కొన్నిసార్లు నెలల తరబడి ఊరుకుంటుంది. బయల్దేరే ముందు వారం అది ఎలా ఉందో అడగండి.

ఆంటిగ్వాకు రాగానే మర్నాడే ఎక్కొద్దు. కనీసం రెండు రాత్రులు ఊళ్లో గడిపితే ఎత్తుకు శరీరం అలవాటు పడుతుంది. మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు, ఉన్ని టోపీ, గ్లవ్స్, వాన కోటు, మార్చుకోవడానికి పొడి బట్టలు, తలకు కట్టుకునే లైటు తప్పనిసరి. చలికాలపు రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నా కిందికి పోతుంది. 2017 జనవరిలో ఈ కొండ మీద చలికి ప్రాణాలు పోయాయి. మందపాటి జాకెట్లు కంపెనీలే అద్దెకిస్తాయి. చవక చూసి కంపెనీని ఎంచుకోకండి: గుడారాలు ముందే వేసి ఉంటాయా, ఎంతమందికి ఒక గైడ్, శాకాహారం ఇస్తారా అని అడగండి. సగం దూరం ఫోర్ బై ఫోర్ జీపులో తీసుకెళ్లే ఏర్పాటూ ఉంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మొహమాటపడకుండా తీసుకోండి.

క్యాంపు నుంచి ఫ్వేగో గట్టు మీదికి అదనపు నడక ఉంటుందని గైడ్లు ఆశ పెడతారు. వద్దనే చెబుతాను. 2018 జూన్ 3న ఇదే ఫ్వేగో పేలి, వేడి బూడిద ప్రవాహం సాన్ మిగెల్ లోస్ లోతెస్ ఊరిని పూడ్చేసింది. వందల మంది చనిపోయారు, చాలామంది ఆచూకీ లేదు. అధికారులు కొండ మూసేశారంటే ట్రిప్పు మానుకోండి, డబ్బు సంగతి తర్వాత.

7. అతిత్లాన్ సరస్సు, చిచికాస్తెనాంగో

ఆంటిగ్వా నుంచి సరస్సుకు రెండున్నర, మూడు గంటల ప్రయాణం. ఒక్కరోజులో వెళ్లి రావొచ్చని షటిల్ వాళ్లు అమ్ముతారు, కానీ ఆరు గంటలు వ్యాన్‌లోనే పోతాయి. ఒక రాత్రి ఉండండి. పురాతన మహా విస్ఫోటనంలో ఏర్పడ్డ గుంట ఇది, 300 మీటర్లకు పైగా లోతు. దక్షిణాన సాన్ పేద్రో, తొలిమాన్, అతిత్లాన్ అనే మూడు అగ్నిపర్వతాలు.

పనహచెల్ రేవు నుంచి లాంచాలనే పడవలు ఊరూరికీ తిరుగుతాయి. మధ్యాహ్నం షొకొమిల్ అనే గాలి లేచి అలలు పడవను ఎత్తెత్తి వేస్తాయి, కాబట్టి పడవ పని పన్నెండు లోపు ముగించండి. ఒకే ఊరు చూడగలిగితే సాన్ హువాన్ లా లగూనా. త్సుతుహిల్ మాయా ఆడవాళ్ల చేనేత సంఘాల్లో పత్తి వడకడం నుంచి ఆకులు, బెరడు, పురుగులతో అద్దకం దాకా దగ్గరుండి చూపిస్తారు. రేవు నుంచి పైకి వెళ్లే టుక్‌టుక్‌లు చాలావరకు మన బజాజ్ ఆటోలే. సాంతియాగో అతిత్లాన్‌లో మషిమోన్ అనే దేవుడిని ఏటా ఒక్కో ఇంట్లో ఉంచి సిగరెట్లు, సారా సమర్పిస్తారు. ఫొటో తీసుకోవాలంటే డబ్బిచ్చి అనుమతి తీసుకోవాలి.

చిచికాస్తెనాంగో సంత గురువారం, ఆదివారం మాత్రమే. మిగతా రోజుల్లో వెళ్తే ఊరు ఖాళీగా ఉంటుంది. సాంతో తొమాస్ చర్చి మెట్ల మీద పొద్దున్నే కోపాల్ ధూపం వేసి మాయా పూజలు చేస్తారు. ముందు మెట్లు వాళ్లవి, మీరు పక్క తలుపు నుంచి వెళ్లండి, లోపల ఫొటోలు తీయొద్దు. కిచే మాయాల పురాణమైన పోపోల్ వుహ్‌ను 18వ శతాబ్దం మొదట్లో ఫాదర్ హిమెనెస్ ఎత్తి రాసుకున్నది ఇక్కడే. ఆదివారం సంత చూసి, అటునుంచే సరస్సుకు వెళ్లి రాత్రి ఉండటం అన్నింటికంటే మంచి జోడింపు.

8. పూట సరిపోయే ఊళ్లు

సాన్ ఆంతోనియో ఆగ్వాస్ కాలియెంతెస్‌లో కక్చికెల్ మాయా ఆడవాళ్లు నడుముకు కట్టుకునే మగ్గం మీద విపిల్ రవికెలు నేస్తారు. మంచి విపిల్‌కు నెలలు పడుతుంది, అందుకే గీచి గీచి బేరమాడకండి. హొకొతెనాంగోలో లా అసొతెయా కాఫీ మ్యూజియం ఉంది. జనవరి, మార్చి మధ్య వెళ్తే ఎర్ర పళ్లు కోయడం చూడొచ్చు. ఇక్కడి కాఫీకి నీడనిచ్చే గ్రవిలేయా, అరకు తోటల్లోని సిల్వర్ ఓక్ ఒకటే చెట్టు. సాన్ హువాన్ దెల్ ఒబిస్పోలో ఇళ్లల్లో నూరే చాక్లెట్ దొరుకుతుంది. సియుదాద్ వియేహా వైపు 1541లో ఆగ్వా కొండ నుంచి దిగిన బురద వరద ఆంటిగ్వాకు ముందున్న రాజధానిని ముంచేసింది.

9. తిండి, డబ్బు, జాగ్రత్త

శాకాహారులు ఆకలితో ఉండరు. నల్ల చిక్కుడు ముద్ద, వేడి తొర్తియాలు (మొక్కజొన్న రొట్టెలు), వేయించిన అరటి, వాకామోలే (అవకాడో ముద్ద) ప్రతిచోటా ఉంటాయి. చిక్కుడు ముద్ద పెట్టి వేయించిన అరటి రెయెనితోలు తప్పక తినండి. 'సిన్ కార్నే' (మాంసం లేకుండా) అని ఊరుకుంటే చికెన్ (పోయో) పెట్టేయొచ్చు. 'సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ మంతేకా' అనండి, చివరిది పంది కొవ్వు లేకుండా అని. యాలకులు ప్రపంచంలో అత్యధికంగా ఎగుమతి చేసే దేశాల్లో గ్వాటెమాలా ముందుంది, కానీ ఇక్కడి వంటల్లో కనిపించవు, టీలోకి కావాలంటే సంతలో కొనుక్కోవాలి. కుళాయి నీళ్లు తాగొద్దు.

డాలరుకు ఏడున్నర నుంచి ఎనిమిది కెట్సాళ్ల మధ్య వస్తుంది. పల్లెల్లో, పడవల్లో నగదే నడుస్తుంది, చిల్లర ఉంచుకోండి. ఏటీఎంను బ్యాంకు లోపల వాడండి. పాత అమెరికన్ స్కూల్ బస్సులకు రంగులు వేసి తిప్పే కమియొనెతాలు ఎక్కాలనిపిస్తే ఆంటిగ్వా నుంచి పక్క ఊరికి పగలు ఎక్కండి, దూరాలకు షటిలే మేలు. చీకటి పడ్డాక హైవే మీద ఉండకుండా చూసుకోండి. పర్యాటకుల సహాయానికి 1500 నంబరు ఉంది, ఊళ్లోకి రాగానే ఫోన్‌లో వేసుకోండి.

అయిదు ఉదయాలుంటే ఇలా పంచుకోవచ్చు: ఒకటి సెరో దె లా క్రూజ్‌కు, రెండోది శిథిలాలకు, మూడో రోజు పొద్దున అకతెనాంగో ఎక్కడం మొదలు, నాలుగో ఉదయం శిఖరం మీద, మధ్యాహ్నానికి కిందికి, అయిదోది దగ్గరి పల్లెలకు, కాళ్ల నొప్పులకు. సరస్సు కావాలనుకుంటే మరో రెండు రోజులు కలుపుకోండి, ఈ అయిదింటిలో ఇరికించకండి.